యంత్రం పక్కన నిలిచేది ఎవరు?

2015 నవంబరులో కోజికోడ్‌లో మ్యాన్‌హోల్‌లోకి దిగిన ఇద్దరు కార్మికులు ఊపిరాడక మరణించారు. కాపాడబోయిన ఆటో డ్రైవరూ బతకలేదు. ఆ కార్మికులిద్దరూ ఆంధ్రప్రదేశ్ నుంచి పొట్ట చేతబట్టుకొని వెళ్లినవారే. 2018లో అదే కేరళలో, తిరువనంతపురంలో, యువ ఇంజినీర్లు రూపొందించిన ‘బ్యాండికూట్’ రోబో పనిలోకి వచ్చింది. గోతిలోకి అది దిగుతుంది, పూడికను తోడుతుంది, విషవాయువులను పసిగడుతుంది. పైన తెర ముందు నిలబడి మనిషి దానిని నడుపుతాడు. మనిషీ యంత్రమూ ఒకే జట్టుగా పనిచేయడమంటే ఇదే.

ఆ మనిషి ఎవరు? సాంకేతిక పత్రాల్లో అతడు వట్టి ‘ఆపరేటర్’. అతనికి కులం లేదు. కులం పనిని మాత్రమే కాదు, పనివారినీ విభజిస్తుందని అంబేడ్కర్ 1936లోనే తేల్చారు. యంత్రం రాగానే ఆ విభజన పోదు. మీట నొక్కేది ఒకరు, యంత్రానికి అంటిన మురుగు కడిగేది మరొకరు కావచ్చు. రోబో దూరలేని ఇరుకు సందులో పూడిక తీయాల్సివస్తే ఎవరికి కబురు వెళుతుందో పాఠకులకు చెప్పనక్కరలేదు.

ఏ వీధి గొట్టం ఏ కాలంలో పూడుతుందో తెలిసింది దానిలో దిగినవారికే. యంత్రం సొంతంగా నిర్ణయాలు తీసుకునేకొద్దీ ఆ ఎరుకంతా దానికి చేరుతుంది. నేర్పినవారిని ఇంటికి పంపితే దానిని పునరావాసం అనలేము. 2017లో హైదరాబాద్ జలమండలి మురుగు శుద్ధి చేసే చిన్న జెట్టింగ్ యంత్రాలను దళిత యువకుల చేతికి అప్పగించింది. యంత్రానికి యజమాని కావడం చిన్న మార్పు కాదు. అయితే మురుగు మళ్లీ దళితుల వాటాకేనా అని అడిగేవారి కోపంలోనూ న్యాయముంది. యాజమాన్యంతో పాటు ఆ వృత్తిని వదిలిపోయే దారి కూడా ఉండాలి.

పాకీపనిని నిషేధించే చట్టం 2013లో వచ్చింది. మురుగు గోతుల్లో చనిపోయినవారి కుటుంబాలకు పరిహారాన్ని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు 30 లక్షల రూపాయలకు పెంచింది. చావుకు లెక్క కట్టారు గాని, బతికున్నవాడికి యంత్రంలో వాటా ఎంతో ఎవరూ చెప్పలేదు.

ఇది మురుగు కాలువలతో ముగిసే ప్రశ్న కూడా కాదు. కొండకర్ల ఆవకు కొద్ది దూరంలోనే అచ్యుతాపురం ఆర్థిక మండలి ఉంది. 2024 ఆగస్టు 21న అక్కడి ఔషధ పరిశ్రమలో జరిగిన పేలుడు 17 మందిని బలిగొంది. ప్రైవేటు పరిశ్రమల్లో కులప్రాతిపదికన రిజర్వేషన్ లేదు. కంట్రోల్ రూములో కూర్చునేది ఎవరో, ట్యాంకులోకి దిగే కాంట్రాక్టు కూలీ ఎవరో కులాలవారీగా ప్రకటించమని ఈ ప్రాంత విద్యార్థి సంఘాలు కార్మిక శాఖను అడగాలి. యంత్రం ‘ప్రమాదం లేదు’ అన్నప్పుడు ‘నేను దిగను’ అనే హక్కు ఆ కూలీకి రాతపూర్వకంగా ఉందో లేదో కూడా అడగాలి.