పికప్ తగ్గిందా? తొందరపడి ఏదీ మార్చొద్దు!

ముందు లారీ. పక్కన రోడ్డు ఖాళీ. దాటేద్దామని యాక్సిలరేటర్ తొక్కితే... కారు మూలుగుతుందే తప్ప ఉరకదు. ఈలోగా ఎదురుగా బస్సు! రెండు వరసల రోడ్డు మీద ఆ మూడు నాలుగు సెకన్ల ఆలస్యమే ప్రాణాల మీదికి తెస్తుంది. అందుకే ‘పికప్ కాస్త తగ్గిందిలే’ అని సరిపెట్టుకోకూడదు. అలాగని గ్యారేజీకి పరుగెత్తి ‘ఏదో ఒకటి మార్చెయ్’ అనడమూ సరికాదు. ప్లగ్గులు మార్చి, సెన్సర్ మార్చి, పంపు మార్చి... బిల్లు వేలల్లోకి వెళ్లాక, అసలు దోషి ఎలుక కొరికిన రబ్బరు గొట్టమని తేలితే? ఏది మార్చాలన్నది తర్వాత. ఏది చెడిందన్నది ముందు.

పైసా ఖర్చు లేని పరీక్షలు

మొదట కాళ్ల దగ్గర చూడాలి. ముడుచుకుపోయిన మ్యాట్ అడ్డుపడితే పెడల్ పూర్తిగా కిందికి దిగదు. టైర్లలో గాలి సరిగ్గా ఉందా, హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దిగిందా అన్నది తర్వాతి సంగతి. కాసేపు నడిపి ఆపాక ఒక చక్రం దగ్గరే సెగ ఎక్కువగా తగులుతుంటే అక్కడ బ్రేకు పట్టేసినట్టే. రిమ్మును ముట్టుకోకుండా చెయ్యి దగ్గరగా పెట్టి చూస్తే చాలు.

చిన్న ఇంజిన్ కారులో ఐదుగురు కూర్చుని ఏసీ వేస్తే జోరు తగ్గడం సహజం. కొండ మీదా అంతే. టర్బో లేని ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకూ సుమారు మూడు శాతం శక్తి కోల్పోతుంది. తిరుమలకో అరకుకో వెళ్లినప్పుడు కారు కాస్త నీరసపడితే అది జబ్బు కాదు. కింద, చదును రోడ్డు మీద కూడా అలాగే ఉంటేనే అనుమానించాలి.

ముల్లు ఏం చెబుతోంది?

మాన్యువల్ గేర్ల కారైతే ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కాలి. ఆర్పీఎం ముల్లు చివ్వున లేచి, వేగం మాత్రం పెరగకపోతే ఇంజిన్‌ది తప్పు కాదు. క్లచ్ జారుతోంది. మాడు వాసన కూడా వస్తే ఇక సందేహం అక్కర్లేదు. అలాంటి కారుకు ఎన్ని ట్యూనింగులు చేయించినా డబ్బు దండగే.

ముల్లే బద్ధకంగా లేస్తుంటే తప్పు ఇంజిన్ వైపుంది. గాలి, పెట్రోలు, నిప్పు... ఈ మూడింట్లో ఏదో చాలడం లేదు. లేదా పొగ బయటికి పోవడం లేదు.

ముందు గాలి

అన్నింటికన్నా చవకైనది ఎయిర్ ఫిల్టర్. దీని గురించి ఒక అపోహ ఉంది. ఫిల్టర్ మూసుకుపోతే మైలేజీ పడిపోతుందనీ, మైలేజీ బాగుంది కాబట్టి ఫిల్టర్ బాగున్నట్టేననీ చాలామంది అనుకుంటారు. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో దీన్ని పరీక్షించింది. కంప్యూటర్ నియంత్రణలో నడిచే పెట్రోలు ఇంజిన్లలో ఫిల్టర్ మూసుకుపోయినా మైలేజీ దాదాపు మారలేదు. పికప్ మాత్రం మందగించింది. కొత్త ఫిల్టర్ వేస్తే వేగం పుంజుకునే సమయం 6 నుంచి 11 శాతం దాకా మెరుగుపడుతుందని తేలింది. మట్టిరోడ్ల మీద ఎక్కువగా తిరిగే కారుకు మాన్యువల్‌లో చెప్పిన గడువుకన్నా ముందే ఫిల్టర్ చూసుకోవాలి.

తర్వాత నిప్పు

ఎత్తు ఎక్కేటప్పుడు కారు కుదుపులిస్తుంటే స్పార్క్ ప్లగ్గులనో కాయిల్‌నో అనుమానించాలి. డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు నిలకడగా వెలుగుతుంటే త్వరగా చూపించాలి. మిణుకుమిణుకుమంటే మాత్రం వెంటనే జోరు తగ్గించి, వీలైనంత త్వరగా ఆపేయాలి. మండని పెట్రోలు పొగగొట్టంలోకి చేరి, ఖరీదైన కెటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది.

స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌కు స్కానర్ తగిలిస్తే కోడ్ వస్తుంది. అయితే కోడ్ చెప్పేది బాధ ఎక్కడుందో. దోషి ఎవరో కాదు. ఉదాహరణకు పి0301 అంటే ఒకటో సిలిండర్ సరిగ్గా మండటం లేదని. ప్లగ్గుకో కాయిల్ ఉన్న కార్లలో మంచి మెకానిక్ కొత్త కాయిల్ కొనమనడు. ఆ కాయిల్‌ను మూడో సిలిండర్‌కు మార్చి మళ్లీ చూస్తాడు. కోడ్ పి0303గా మారితే కాయిలే దోషి. మారకపోతే ప్లగ్గునో ఇంజెక్టర్‌నో చూడాలి. పి0171 వస్తే పెట్రోలుకన్నా గాలి ఎక్కువవుతోందని అర్థం. చీలిన గొట్టం, మురికిపట్టిన గాలి సెన్సర్, బలహీనమైన పంపు... ఏదైనా కారణం కావచ్చు. కోడ్ చూడగానే ఆక్సిజన్ సెన్సర్ మార్చేయడం గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

పెట్రోలు, పొగ

ఊళ్లో బాగానే తిరిగి, హైవే మీద బాగా తొక్కినప్పుడే చతికిలబడితే ఇంధన ఫిల్టర్, పంపు గుర్తుకు రావాలి. గేజ్‌తో ఒత్తిడి కొలిచాకే పంపు మార్చాలి. పొగగొట్టంలో కన్వర్టర్ పూడుకుపోయినా లక్షణాలు దాదాపు ఇవే.

డీజిల్ కార్లయితే టర్బో గొట్టాల్లో చీలిక ఉందేమో చూడాలి. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 నిబంధనలతో వచ్చిన డీజిల్ కార్లలో మసిని పట్టే డీపీఎఫ్ ఉంటుంది. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే కారులో ఇది పూడుకుపోతుంది. అప్పుడు కంప్యూటరే ఇంజిన్ శక్తిని తగ్గించేస్తుంది. డీపీఎఫ్ లైటు వెలగగానే మాన్యువల్‌లో చెప్పినట్టు హైవే మీద కాసేపు ఒకే వేగంతో నడిపితే చాలాసార్లు ఆ మసి కాలిపోతుంది.

మెకానిక్‌కు ఏం చెప్పాలి?

‘పికప్ లేదు’ అంటే సరిపోదు. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఏ గేరులో, ఎంత వేగంలో? ఎప్పట్నుంచి? ఈ మధ్య ఏ పని చేయించారు? ఇవన్నీ ఓ చీటీ మీద రాసిస్తే సగం పని అయినట్టే. ఏదైనా మార్చాలంటే, అదే చెడిందని ఎలా తెలిసిందో అడగాలి. పాత భాగాన్ని తిరిగి తీసుకోవాలి. డబ్బు చెల్లించే ముందు మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని అదే గేరులో, అదే వేగంలో మరోసారి నడిపి చూడాలి. అంతదాకా మాత్రం లారీ వెనకాలే నింపాదిగా వెళ్లడం మంచిది.