వత్తు పోతే తెలివి పోయినట్టేనా? పెళ్లి ప్రొఫైళ్లలో స్పెల్లింగు వెనక దాక్కున్న కులం

ఉప్పాడలో మాకు తెలిసిన కుర్రాడు ఒకడున్నాడు. పేట వాడు. బడి నుంచి డిగ్రీ దాకా ప్రభుత్వ విద్యాసంస్థల్లోనే చదివాడు. కాకినాడ పోర్టు దగ్గర ఒక ఏజెన్సీలో లెక్కలు చూస్తాడు. మా పరిశోధన పని మీద ఆ తీరం వెంట తిరుగుతున్న రోజుల్లో ఒక సాయంత్రం తన ఫోను మా చేతిలో పెట్టాడు. "అన్నయ్యా, ఇందులో ఇంగ్లీషు ఓసారి చూసి పెట్టండి. మూడు నెలలైంది, ఒక్కళ్లూ పలకట్లేదు."

అది పెళ్లి సంబంధాల యాప్‌లో అతని ప్రొఫైల్. తన గురించి రాసుకోమన్న చోట నాలుగు వాక్యాలున్నాయి. 'ఐ యామ్ ఎ సింపుల్ పర్సన్' అనాల్సింది 'ఐ యామ్ సింప్లీ పర్సన్' అయింది. 'రెస్పెక్ట్'లో ఒక అక్షరం తగ్గింది. వాక్యం మొదట్లో పెద్దక్షరం లేదు. విషయానికి లోటేమీ లేదు. వంట వచ్చని, కట్నం తీసుకోనని, చేసుకోబోయే అమ్మాయి ఉద్యోగం మానాల్సిన పనిలేదని రాశాడు. కులం గడిలో మాత్రం పేరు రాయకుండా 'కులం పట్టింపు లేదు' అన్నది నొక్కాడు.

మేము దిద్దాం. పది నిమిషాల పని. దిద్దుతుండగా అతనొకటి అడిగాడు. "తప్పులుంటే తెలివిలేనోడనుకుంటారాండి?"

అనుకుంటారు. దానికి పరిశోధన కూడా ఉంది. నెదర్లాండ్స్‌లోని టిల్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు డేటింగ్ ప్రొఫైళ్లలో భాషా దోషాల మీద చేసిన అధ్యయనం 2020లో వెలువడింది. తప్పులున్నాయని గమనించినవాళ్లకు ఆ మనిషి మీద ఆకర్షణ తగ్గిందని అందులో తేలింది. వేలు జారి పడ్డ తప్పును అజాగ్రత్త కింద లెక్కేశారు. వ్యాకరణ నియమం తప్పితే తెలివి తక్కువని లెక్కేశారు. ఈ రెండో మాట దగ్గర మనం ఆగాలి. చదివేవాళ్లు ఏమనుకుంటారో ఆ అధ్యయనం కొలిచింది. రాసినవాడికి నిజంగా తెలివి ఉందా లేదా అన్నది దాని ప్రశ్నే కాదు. పైగా అక్కడివాళ్లు తప్పు రాసినా ఒప్పు రాసినా తమ సొంత భాషలో రాస్తున్నారు. మన కుర్రాడు తన తల్లికి రాని భాషలో, తనకు బడి అరకొరగా అందించిన భాషలో, తన జీవితంలోకెల్లా ముఖ్యమైన నాలుగు వాక్యాలు రాయాల్సి వచ్చింది.

స్పెల్లింగుకీ తెలివికీ ఉన్నదనుకునే లంకె ఎంత వదులో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. ఉప్పాడ జాందానీ చీరకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బుటా రెండు వైపులా ఒకేలా కనపడేలా, వెనక పోగులు వేలాడకుండా, మగ్గం మీద పోగు పోగూ లెక్కపెట్టుకుంటూ వారాల తరబడి నేస్తారు. ఆ లెక్కంతా తలలోనే ఉంచుకునే నేతగత్తెలు సంతకం పెట్టడానికి తడుముకోవడం మేము చూశాం. సముద్రం రంగు చూసి చేపల గుంపు ఎటుందో చెప్పే మత్స్యకారుడు కూడా ఆ ఊళ్లోనే ఉన్నాడు. అతని ప్రొఫైల్ ఎవరైనా ఇంగ్లీషులో పెడితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. డిస్లెక్సియా ఉన్న పిల్లలు అక్షరాలు తారుమారు చేస్తారని, వాళ్ల ఆలోచనకు దాంతో సంబంధం లేదని వైద్యులు ఎన్నో ఏళ్లుగా చెబుతూనే ఉన్నారు.

ఇంగ్లీషు సంగతి పక్కన పెట్టి తెలుగులో రాసుకుంటే బతికిపోతామా? అక్కడ ఇంకో కత్తెర ఉంది. దాని పేరు వత్తు. 'భాష'ను 'బాష' అని, 'ధైర్యం'ను 'దైర్యం' అని, 'శాంతి'ని 'సాంతి' అని రాస్తే మనవాళ్లకు 'పలకడం రాదు' అంటారు. నిజానికి అచ్చ తెలుగు మాటల్లో ఒత్తక్షరాలు లేవు. అవి సంస్కృతం నుంచి వచ్చిన మాటలతో వచ్చాయి. ఆ మాటలు తరతరాలుగా ఎవరింట్లో వినపడ్డాయో వాళ్ల నాలుక మీద వత్తులు నిలిచాయి. వేదం వింటే చెవిలో సీసం పోయమన్న స్మృతుల దేశంలో, ఆ భాష ధ్వనులు సరిగా పలకలేదని ఎగతాళి చేయడం మామూలు నిర్దయ కాదు. తెలుగు సినిమాలో నవ్వు పుట్టించడానికి ఎవరి నోట వత్తులు ఎగరగొడతారో గుర్తు చేసుకోండి. మా పరిశోధన ప్రతిపాదన మీద ఒక ఆచార్యుడు వత్తులన్నీ ఎర్ర సిరాతో దిద్ది తిరిగిచ్చాడు. వాదన మీద ఒక్క మాట రాయలేదు.

ఏది ఒప్పో ఏది తప్పో తేల్చే పంచాయితీ జరిగిన నేల కూడా ఇదే. ఉప్పాడ పక్కనే ఉన్న పిఠాపురం జమీందారు పోషణలో సూర్యరాయాంధ్ర నిఘంటువు తయారైంది. దాన్ని నడిపిన జయంతి రామయ్య పంతులు గ్రాంథిక పక్షానికి నాయకుడు. కావ్యాల్లో దొరికిన మాటలకే అందులో చోటు. జనం నోట్లో మాటలకు లేదు. అవతలి పక్షాన గిడుగు రామమూర్తి నిలబడ్డాడు, చివరికి గెలిచాడు. గెలిచింది మాత్రం శిష్ట వ్యావహారికం. 'శిష్ట' అన్న మాటను మనం తేలిగ్గా దాటేస్తాం. కృష్ణా గోదావరి జిల్లాల్లో చదువుకున్న పై కులాల ఇళ్లలో మాట్లాడే తెలుగు ప్రమాణమైంది. అదే జిల్లాల్లో, అదే ఊళ్లో, కాలవ అవతల పేటలో మాట్లాడే తెలుగు 'యాస'గా మిగిలింది. ప్రామాణిక భాషకు పుట్టిల్లని పేరున్న చోట పుట్టి కూడా మన కుర్రాడు తెలుగులో రాయడానికి జంకాడు.

తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసేటప్పుడైతే అసలు నియమమే లేదు. 'త'కు మనం 'టీ హెచ్' వాడతాం, ఉత్తరాదివాళ్లు వట్టి 'టీ' వాడతారు. సంఖ్యాశాస్త్రం చూసే ఆసామి చెబితే పేరులో ఇంకో 'ఎ' చేర్చుకునేవాళ్లున్నారు. అది తప్పు స్పెల్లింగని ఎవరూ అనరు, అదృష్టం అంటారు.

హైదరాబాదు వైపు వెళ్తే కథ ఇంకోలా ఉంటుంది. పెళ్లి యాప్‌లలో కులం గడి బాహాటంగా ఉంటుంది. టిండర్, బంబుల్ లాంటి డేటింగ్ యాప్‌లలో ఆ గడి లేదు. లేదు కాబట్టి అక్కడ కులం లేదని మన విశ్వవిద్యాలయాల మిత్రులు కొందరు నమ్ముతారు. ఆ బయోలు చదివితే 'గ్రామర్ తప్పులుంటే పలకరించొద్దు' లాంటి షరతులు తరచుగా కనపడతాయి. వినడానికి అది కులం మాట కాదు. మనిషి ఎలాంటి బడిలో చదివాడో, ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడే పెద్దలున్నారో లేదో ఆ ఒక్క షరతుతో తేలిపోతుంది. 'ఎస్సీలు వద్దు' అని రాయడానికి మొహమాటపడేవాళ్లకు ఇది మర్యాదైన దారి. దళిత స్త్రీకి ఈ ప్రేమ మార్కెట్లో ఏ విలువ కడతారో క్రిస్టినా థామస్ ధన్‌రాజ్ 2018లో రాసిన వ్యాసంలో వివరంగా చెప్పారు. మాకు తెలిసిన ఆడపిల్లల అనుభవంలో ఇంకో మెలిక కూడా ఉంది. ఇంగ్లీషు తప్పైతే పల్లెటూరిది, ఒప్పైతే 'నిన్ను చూస్తే అలా అనిపించదు' అనే పొగడ్త. ఆ 'అలా' ఏమిటో ఎవరూ విడమర్చి చెప్పరు.

ఇంతకూ స్పెల్లింగు దిద్దుకుంటే గేటు తెరుచుకుంటుందా? అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో మరో ఇద్దరు ఆర్థికవేత్తలతో కలిసి బెంగాలీ పత్రికలో పెళ్లి ప్రకటనలు ఇచ్చిన కుటుంబాలను అధ్యయనం చేశారు. అది 2013లో అచ్చయింది. వేరే కులం వరుణ్ని తప్పించుకోవడానికి వధువు తరఫువాళ్లు ఎంత వదులుకోవడానికి సిద్ధపడతారో అందులో లెక్క తేల్చారు. అసలు చదువే లేనివాడికీ మాస్టర్స్ డిగ్రీ ఉన్నవాడికీ మధ్య ఉన్నంత తేడాను వదులుకుంటారట. ఇంత చదువును త్రాసులో వేసినా కులమే బరువు తూగే చోట ఒక ఒత్తు, ఒక కామా ఏపాటివి? దేశంలో కులాంతర వివాహాలు సుమారు 5 శాతం దగ్గరే ఉన్నాయని 2011-12 నాటి భారత మానవాభివృద్ధి సర్వే చెప్పింది.

మిర్యాలగూడలో పెరుమాళ్ల ప్రణయ్‌ను 2018 సెప్టెంబరు 14న, గర్భవతి అయిన భార్య పక్కనుండగా ఆసుపత్రి ముందు నరికి చంపారు. ఆ ఇద్దరూ ఒకే బడిలో చదువుకున్నవాళ్లు. ఒకే పాఠాలు, ఒకే ఇంగ్లీషు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించింది. ప్రణయ్ తెలివిని గానీ భాషను గానీ ఆ హంతకుల్లో ఎవరూ ప్రశ్నించలేదు.

ఉప్పాడకు తిరిగొద్దాం. మేము దిద్దిన రెండు వారాల్లో కుర్రాడికి నాలుగు పలకరింపులొచ్చాయి. ఒకమ్మాయి 'మీ ఇంగ్లీషు చాలా బాగుంది' అంది. అది మా ఇంగ్లీషు. అతనా మాట మాకు చెప్పి నవ్వాడు, మాకు నవ్వు రాలేదు. మూడో రోజు ఆ అమ్మాయి మేనమామ ఫోను చేశాడు. ఉద్యోగం, జీతం, ఇల్లు అయ్యాక ఇంటిపేరు అడిగాడు. దాంతో తేలక, మన జిల్లాలో మర్యాదగా అడిగే ఆ రెండు మాటలూ అడిగాడు. "మీరేమిట్లండీ?" చెప్పాడు. "సరేనండి, ఇంట్లో మాట్లాడుకుని చెబుతామండి." మళ్లీ ఫోను రాలేదు. మిగతా మూడూ కొంచెం అటూ ఇటూగా అంతే.

అతనికి ఇంకో చిక్కుంది, అది డెల్టాలో చాలామందికి ఉన్నదే. ఆదివారం చర్చికి వెళ్తాడు. సర్టిఫికెట్లో హిందూ అని ఉంటుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ హోదా ఉండదు. ప్రొఫైల్‌లో మతం గడిలో నిజం రాస్తే రేపు ఎవరైనా దాన్ని తీసి అధికారి ముందు పెట్టొచ్చు. అబద్ధం రాస్తే పాస్టరు కూతురి సంబంధం రాదు. ఇంగ్లీషు దిద్దినంత సులువుగా ఆ గడిని మేము దిద్దలేకపోయాం.

ఇక్కడ ప్రభుత్వాల సంగతీ రెండు మాటలు అనుకోవాలి. 2022 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో అమలైన కల్యాణమస్తు పథకంలో సాయం అందాలంటే వధూవరులిద్దరూ పదో తరగతి పాసై ఉండాలన్నారు. బాల్య వివాహాలు ఆపడానికని చెప్పారు. ఉద్దేశం మంచిదే కావచ్చు. వలస వెళ్లే తల్లిదండ్రులతో మధ్యలో బడి మానిన పిల్లలు ఎక్కువగా ఎవరో మనకు తెలుసు. అంతకుముందు 2019లో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం ఉత్తర్వులు వచ్చినప్పుడు తెలుగు చచ్చిపోతుందని గోల చేసినవాళ్లలో తమ పిల్లల్ని తెలుగు మీడియంలో చదివించినవాళ్లెందరు? 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టేసింది. మన పిల్లలకు ఇంగ్లీషు వద్దన్న ఇళ్లలోనే ఇవాళ ప్రొఫైల్‌లో ఇంగ్లీషు చూసి సంబంధం తిరగగొడుతున్నారు.

మనల్ని మనం కూడా వదలకూడదు. హాస్టళ్లలో, మన సొంత వాట్సాప్ గ్రూపుల్లో, కొత్తగా వచ్చిన తమ్ముడు తప్పు ఇంగ్లీషులో పోస్టు పెడితే స్క్రీన్‌షాట్ తీసి నవ్వుకునేది మనమే. మేమూ ఆ పని చేశాం. పిహెచ్‌డీలో చేరిన కొత్తలో ఆ నవ్వు మాకు ఒక మెట్టు ఎక్కినట్టనిపించింది. ఉప్పాడ కుర్రాడి ప్రొఫైల్ దిద్దుతున్నప్పుడు కూడా ఆ పాత గర్వం కొంచెం లోపల కదిలిందని ఒప్పుకోవాలి.

ఇప్పుడు ఫోనే స్పెల్లింగు దిద్దుతోంది. చాట్‌జీపీటీని అడిగితే ప్రొఫైల్ మొత్తం తప్పుల్లేకుండా రాసిస్తుంది. ఇక ఈ గొడవ తీరినట్టేనా? మాకలా అనిపించడం లేదు. అందరి రాతా ఒకేలా నున్నగా అయ్యాక పరీక్ష రాత నుంచి గొంతుకు మారుతుంది. ఇప్పటికే 'ముందు ఒకసారి వీడియో కాల్ చేద్దాం' అనేవాళ్లు పెరిగారని కుర్రాడే చెప్పాడు.

కులాన్ని కూల్చే అసలు మందు కులాంతర వివాహమేనని అంబేడ్కర్ 1936లోనే తేల్చి చెప్పారు. అలాంటప్పుడు పెళ్లి యాప్ మీద కులం గడి ఉండటం ఒక కంపెనీ వ్యాపార విషయంగా వదిలేయాల్సింది కాదు. 2020 జూన్‌లో, అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత నల్లజాతి ఉద్యమం రగులుతున్న రోజుల్లో, వాడకందార్లు పిటిషన్ పెట్టి నిలదీస్తే షాదీ డాట్ కామ్ చర్మం రంగుతో వడగట్టే ఏర్పాటు తీసేసింది. రంగు వడపోత తీయగలిగినప్పుడు కులం వడపోత ఎందుకు తీయలేరని అడిగే పిటిషన్ మన విద్యార్థి సంఘాలు ఎందుకు మొదలుపెట్టకూడదు? 'మనవాళ్లూ ఆ గడి చూసే సంబంధాలు వెతుక్కుంటున్నారు కదా' అని ఒక మిత్రుడు అన్నాడు. నిజమే. అవమానం లేని ఇల్లు దొరకాలని మనవాళ్లు దాన్ని వాడతారు, మనల్ని వడకట్టడానికి అవతలివాళ్లు వాడతారు. ఈ రెండూ ఒకటే అని మేము ఒప్పుకోం.

మొన్న మళ్లీ ఉప్పాడ వెళ్లినప్పుడు కుర్రాడు ప్రొఫైల్ చూపించాడు. మేము దిద్దిన ఇంగ్లీషంతా తీసేశాడు. తెలుగులో రాసుకున్నాడు. 'అభిరుచులు'లో వత్తు లేదు, మేము ఏమీ అనలేదు. మొదటి వాక్యంలోనే 'మేము మాలలం' అని పెట్టాడు. ఎందుకలా అని అడిగాం.

"ఎలాగూ మూడో ఫోనుకి అడుగుతారు కదండి. ముందే చెప్పేస్తే ఆళ్ల టైమూ నా టైమూ కలిసొస్తాది అన్నయ్యా."