స్కానింగు గదిలో విద్యార్థికి ఏం నేర్పుతున్నారు?

వైద్య విద్యార్థులకు రేడియాలజీ ఎలా నేర్పుతున్నారన్నది మన సంఘాల్లో ఎవరికీ పట్టని విషయం. అది డాక్టర్ల గొడవ అనుకుంటాం. స్కానింగు సెంటర్లను తనిఖీ చేయించమని కలెక్టరుకు మెమొరాండం ఇవ్వడానికి మాత్రం అందరికంటే ముందుంటాం. ఆ సెంటర్లలో కూర్చునే మనిషిని ఎక్కడ, ఎన్నాళ్లు, ఎవరి శరీరాల మీద తయారు చేస్తున్నారని అడగం. అడక్కపోవడం వల్ల మనకు జరుగుతున్న నష్టం చిన్నది కాదు.

సామర్లకోట నుంచి కాకినాడ పదిహేను కిలోమీటర్ల లోపే. రైలుంది, బస్సులున్నాయి, ఆటోలున్నాయి. కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల 1958లో మొదలైంది. (గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్, ఆయన సహచరులు అల్ట్రాసౌండుతో కడుపులోని బిడ్డను చూడవచ్చని లాన్సెట్ పత్రికలో రాసిందీ 1958లోనే.) అంటే వైద్యవిద్యకు మరీ దూరమైన ప్రాంతం కాదు మనది. అయినా ఎనిమిదో నెలలో ఎర్రబట్ట కనబడిన ఆడమనిషికి మాయ కిందికి ఉందో లేదో చూసి చెప్పగలిగిన వాళ్లు ఊళ్లో దొరక్కపోతే ఆటో ఎక్కాల్సిందే. ఆటో డబ్బులు, స్కానింగు డబ్బులు, తోడు వచ్చిన ఆడపడుచు ఆ రోజు పోగొట్టుకున్న కూలి. ఈ ఖర్చును ఏ ప్రభుత్వ పద్దులోనూ రాయరు.

ఎంబీబీఎస్ చదువు నాలుగున్నరేళ్లు, ఆపైన ఒక ఏడాది హౌస్ సర్జన్సీ. 2019లో వచ్చిన పాఠ్యప్రణాళికలో క్లినికల్ పోస్టింగుల కింద రేడియోడయాగ్నసిస్‌కు దక్కింది రెండు వారాలు. ఆ రెండు వారాలూ ఎక్స్‌రే, సీటీ, ఎంఆర్‌ఐ, అల్ట్రాసౌండు అన్నిటికీ కలిపి. అంతకు ముందు కూడా ఇంతే. చీకటి గదిలో పీజీ విద్యార్థి భుజం మీదుగా తెరను చూసి, హాజరు వేయించుకుని వెళ్లడానికి అది సరిపోతుంది. ప్రోబు చేత్తో పట్టుకోవడానికి సరిపోదు. ఇలా బయటికొచ్చిన యువ డాక్టరమ్మనే రేపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వేస్తారు. గర్భిణికి 24 వారాల లోపు ఒక్కసారైనా స్కానింగు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో చెప్పింది. అదే ఏడాది మన కేంద్ర ప్రభుత్వం ప్రతి నెలా 9వ తారీఖున గర్భిణులకు పరీక్షలనే పథకం పెట్టింది, అందులో స్కానింగూ ఉంది. పథకానికి తారీఖు దొరికింది గానీ చేసే చేతులు దొరకలేదు.

ఇక చట్టం సంగతి. లింగనిర్ధారణ నిరోధక చట్టం 1994లో చేశారు, 1996 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. కాగితం మీద పడి ఉన్న దాన్ని కదిలించడానికి సెహత్, మాసుమ్ సంస్థలు, సాబు జార్జి 2000లో సుప్రీంకోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. 2003లో సవరణలు వచ్చాయి. 2014 నియమాల్లో మామూలు ఎంబీబీఎస్ డాక్టరు గర్భిణికి స్కానింగు చేయాలంటే ఆరు నెలల శిక్షణ, అంటే 300 గంటలు, ఆపైన పరీక్ష అన్నారు. 2016లో ఢిల్లీ హైకోర్టు వాటిలో కొన్నిటిని కొట్టేసింది, 2018లో సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చింది. ఈ కోర్టు గొడవలో రేడియాలజిస్టుల సంఘం ఉంది, ప్రభుత్వం ఉంది. స్కానింగు బల్ల మీద పడుకునే ఆడది ఎక్కడుందో వెతికినా కనబడదు.

నా అభ్యంతరం శిక్షణ మీద కాదు. శిక్షణను నేరనిరోధక సాధనంగా చూపించడం మీద. 1970ల్లో ఉమ్మనీటి పరీక్షను లింగం తెలుసుకోవడానికి వాడటం ఎక్కడ మొదలైంది? నాటు వైద్యుల దగ్గర కాదు. ఢిల్లీలో, దేశంలోకెల్లా పెద్ద వైద్య సంస్థలో, పిండంలో లోపాలు కనిపెట్టే పరిశోధన పేరుతో మొదలైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్ల లోపు పిల్లల్లో వెయ్యి మంది మగపిల్లలకు ఆడపిల్లలు 1991లో 975, 2001లో 961, 2011లో 939. ఈ తరుగుదలలో చేతికి డిగ్రీ లేని వాళ్ల వాటా ఎంతుందో గానీ, డిగ్రీ ఉన్న వాళ్ల వాటా లేదని మాత్రం ఎవరూ అనలేరు. నేర్పరితనానికీ నీతికీ ముడి పెట్టి ఒక వృత్తి వర్గం తన గుత్తాధిపత్యాన్ని కాపాడుకుంటుంటే, దానికి మనం స్త్రీల ఉద్యమం పేరుతో కావలి కాస్తున్నాం.

‘యంత్రాలు ఎక్కువైతే ఆడపిల్లలు తగ్గుతారు’ అని మన వాళ్లే నాతో వాదిస్తారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది, ఆ భయానికి ఆధారమూ ఉంది. కానీ యంత్రాన్ని పట్నంలో ప్రైవేటు సెంటర్లో కట్టేస్తే డబ్బున్న వాళ్లకు అది అందుతూనే ఉంటుంది. అందనిది కూలి చేసుకునే ఆడమనిషికి. మాయ కిందికి ఉన్నా, బిడ్డ అడ్డం తిరిగినా, గర్భం సంచిలో కాకుండా ట్యూబులో నిలిచినా తెలియకుండా పోయేది ఆమెకే. నియంత్రణ అమ్మకం మీద ఉండాలి, రికార్డుల మీద ఉండాలి. 2019లో ఫారం ఎఫ్ నింపకపోవడం చిన్న గుమాస్తా తప్పు కాదని సుప్రీంకోర్టు అన్నప్పుడు మనం సంతోషించాం, సంతోషించాల్సిందే. చదువు మీద నియంత్రణ పెట్టడం వేరే సంగతి.

ఆ రెండు వారాల్లో చట్టం గురించి ఏం నేర్పుతారు? ప్రసూతి విభాగం పాఠాల్లో ఈ చట్టాన్ని ‘చర్చించడం’ ఒక అంశంగా ఉంది. గోడ మీద ‘భ్రూణహత్య మహాపాపం’ అన్న పోస్టరే ఆ పాఠానికి బొమ్మ అయితే విద్యార్థి తీసుకెళ్లేది పాపభీతి. గర్భస్రావం 1971 నుంచీ చట్టబద్ధమైనదని, 2021 సవరణతో కొన్ని వర్గాల స్త్రీలకు 24 వారాల దాకా వీలుందని అదే నోటితో చెప్పకపోతే, రేపు ఆ డాక్టరు నాలుగో నెల దాటి వచ్చిన ప్రతి ఆడదాన్నీ అనుమానంగా చూసి తిప్పి పంపుతాడు. ‘హత్య’ అన్న మాటను మన కరపత్రాల నుంచే ముందు తీసేయాలి. లింగ ఎంపిక అందాం. నేరం ఎంపికలో ఉంది, గర్భం వద్దనుకోవడంలో లేదు.

బల్ల మీద పడుకున్న మనిషి సంగతి కూడా చెప్పాలి. బోధనాసుపత్రికి వచ్చే బీద స్త్రీ శరీరం పాఠ్యపుస్తకం అవుతుంది, దానికి ఆమెను ఎవరూ అడగరు. చీర కుచ్చిళ్లు కిందికి జరిపి, చల్లటి జిగురు పూసి, చుట్టూ పది మంది నిలబడి ఇంగ్లీషులో మాట్లాడుకుంటారు. కడుపులో బిడ్డ గురించి మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమంటున్నారో తెలియదు. వాళ్ల మొహాలు చూసి తనే ఏదో అర్థం చేసుకుంటుంది. లింగం తెలుసుకోవాలని లేదన్న కాగితం మీద వేలిముద్ర మాత్రం జాగ్రత్తగా తీసుకుంటారు. విద్యార్థులు చూడవచ్చా అని అడగడానికి కాగితమూ అక్కర్లేదు, ఒక్క తెలుగు వాక్యం చాలు. ‘అమ్మా, వీళ్లు నేర్చుకుంటున్నారు, ఉండమంటారా, బయటికి పంపమంటారా?’ పంపమంటే పంపాలి. ఆ తర్వాత ఆమెకు వైద్యంలో ఏ లోటూ రాకూడదు. ఎక్స్‌రేకి పంపే ముందు నెల తప్పిందా అని నలుగురి ముందు కేకేసి కాకుండా దగ్గరికొచ్చి అడగడం కూడా రేడియాలజీ పాఠమే.

మనం అడగాల్సింది ఇది: ప్రతి ఎంబీబీఎస్ విద్యార్థికీ ప్రసూతి పోస్టింగులోనే ప్రాథమిక అల్ట్రాసౌండును చేత్తో చేయించి నేర్పాలి. బిడ్డ గుండె కొట్టుకోవడం, మాయ ఉన్న చోటు, బిడ్డ తల ఎటుందో చూడటం, గర్భం ఎక్కడ నిలిచిందో చూడటం. లోపాలు వెతికే పెద్ద స్కానింగు నిపుణులకే ఉంచండి, ఎవరూ కాదనరు. ఆ మేరకు నేర్చుకుని పరీక్ష నెగ్గిన వాళ్లు ప్రభుత్వ కేంద్రాల్లో చేసేలా నియమాలు మార్చాలి, ఫారం ఎఫ్ యథాతథంగా నింపుతూనే. ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయానికీ, జాతీయ వైద్య కమిషన్‌కూ రాయవలసిన ఉత్తరం ఇది.

జిల్లాలో పని ఇంకా దగ్గరగానే ఉంది. చట్టంలోని 17వ సెక్షను ప్రకారం సలహా సంఘంలో ఎనిమిది మంది ఉంటారు. వారిలో ముగ్గురు సామాజిక కార్యకర్తలు, ఆ ముగ్గురిలో కనీసం ఒకరు మహిళా సంఘాల నుంచి రావాలి. ఎక్కువ చోట్ల మన ప్రతినిధి సంతకం పెట్టి టీ తాగి వస్తున్నారని మనకూ తెలుసు. వచ్చే సమావేశంలో ఆమె రిజిస్ట్రేషన్ల జాబితాతో పాటు మరో రెండు ప్రశ్నలు మినిట్సులో రాయించాలి: జిల్లాలో ప్రభుత్వ కేంద్రాల్లో ఎన్ని యంత్రాలు చేసేవాళ్లు లేక మూలన ఉన్నాయి, స్కానింగు కోసం పేరు రాయించుకున్న గర్భిణి ఎన్ని రోజులు ఆగుతోంది?