సుంకమా, సంకటమా?

సుంకము రాజ్యమునకు న్యాయమైన యాదాయము. దానిని మేము నిందింపము. సుంకము కట్టుటకు ముందు దాటవలసిన కాగితముల యడవినే నిందించుచున్నాము.

1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవున అభయశాసనము చెక్కించెను. గాలివానకు తీరమున బడిన యోడల సరకును పూర్వరాజులు బలిమిని గైకొనుచుండిరి. ఆ యన్యాయమును మాన్పి, ముప్పదింట నొకపాలు సుంకము మాత్రమే కొందుమని ఱాతిపై నందఱు చూచునట్లు ప్రకటించెను.

మన 1962 నాటి కస్టమ్సు చట్టమో, తీరము వెంట సరకు మోయు నౌకకు సైతము పట్టీ, పుస్తకము, వ్రాతపూర్వకమైన సెలవు విధించినది. మినహాయింపులు ప్రకటనలలో గలవు. వానిని వెదకి తెలిసికొనుట మాత్రము పడవవాని పని! దిగుమతిదారు బిల్ ఆఫ్ ఎంట్రీ గడువు మీఱినచో, 2018 నాటి నిబంధనలు మొదటి మూడు దినములును దినమునకు 5,000, పిమ్మట 10,000 రూపాయలు వడ్డించుచున్నవి. సరకు విలువ లక్షయైనను కోటియైనను రేటొక్కటే. కారణము తృప్తికరమైనచో అధికారి మన్నింపవచ్చునట. హక్కుగా రావలసినది దయగా లభించుట న్యాయమా?

దొంగవర్తకము నరికట్టవలదా యందురు. అరికట్టవలసినదే. కాని దొంగవర్తకుడు కాగితములను చక్కగనే కూర్చుకొనును. చిక్కుపడువాడు గుమాస్తాను పెట్టుకొనజాలని చిన్నవర్తకుడే.

కావున జరిమానా సరకు విలువనుబట్టి యుండవలెను. మినహాయింపులను ప్రతి రేవునను తెలుగున వ్రాసి కట్టవలెను. పత్రములు పూరించుట కుచితముగా తోడ్పడువా డుండవలెను. దాదాపు ఎనిమిదివందల యేండ్ల క్రిందట ఒక ఱాయి చేసిన పనిని నేటి ప్రభుత్వము చేయజాలదా?