పాత కారు, పాత కాగితాలు

పీలేరు నుండి ఒక సహోదరుడు వచ్చి, "అయ్యగారూ, పద్దెనిమిదేండ్ల కారు. ఆర్.సి. రెన్యువలై ఉంది. కొనవచ్చునా?" అని అడిగారు. ఆ కాగితము ఎంతవరకు సాక్ష్యమో చూద్దాము.

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏండ్లు చెల్లుతుంది. ఆ తరువాత బండిని తనిఖీ చేసి 5 ఏండ్లకు పొడిగిస్తారు. అంతవరకు బ్రేకు, స్టీరింగు చూచే ప్రభుత్వ తనిఖీ ఏటేటా ఉండదు. పొగ సర్టిఫికెట్టు పొగ సంగతే చెబుతుంది. టాక్సీగా తిరిగిన బండికైతే మొదటి 8 ఏండ్లు రెండేండ్లకొకసారి, ఆపైన ఏటేటా ఎఫ్.సి. ఉండాలి. మధ్యలో ఒకటి తప్పితే కారణము అడగండి.

మెకానిక్ బిల్లులను తేదీల వరుసలో పేర్చండి. కిలోమీటర్లు తగ్గితే మీటరు తిప్పినట్టే. ఒకే రిపేరు మాటిమాటికి కనబడితే రోగము కుదరలేదన్నమాట.

ఈ సహోదరుడు తెచ్చిన బిల్లులలో బ్రేకు ఆయిలు కారుట నాలుగుసార్లు ఉంది. ఆర్.సి. చెప్పేది మూడేండ్ల క్రితము ఒక్క పూట చూచిన సంగతి. రేపు పిల్లలను ఎక్కించుకొని భాకరాపేట ఘాటు దిగేది ఆయన గనుక, తనకు నమ్మకమైన మెకానిక్ చేత చక్రాలు విప్పించి చూచిన తరువాతనే అడ్వాన్సు ఇమ్మన్నాము.