పాలెం బడిలో కొత్త టీచరు

నెల్లూరు మైపాడు గేటు సెంటర్లో పొద్దున్నే బస్సెక్కే టీచర్లకు మైపాడు దాకా సుమారు పాతిక కిలోమీటర్ల ప్రయాణం. దారి పొడుగునా వరి మడులు, ఆ తర్వాత రొయ్యల గుంటలు, చివర సముద్రం. ఆదివారమైతే ఈ రోడ్డంతా బీచికి పోయే జనం. సోమవారానికి వాళ్లెవరూ ఉండరు. మత్స్యకార పాలేల పిల్లలు, గుంటల కాపలాకు వచ్చిన యానాది కుటుంబాల పిల్లలు, వాళ్లకు చదువు చెప్పడానికి బస్సు దిగే టీచర్లు మిగులుతారు.

ఆ దిగేవాళ్లలో కొత్త ముఖాలు ఎక్కువ. ఇందులో వింతేమీ లేదు. బదిలీల కౌన్సెలింగులో సర్వీసున్నవాళ్లు టౌనుకు దగ్గరి బడులు కోరుకుంటారు, మిగిలినవి కొత్తవాళ్ల వాటాకు వస్తాయి. మెగా డీఎస్సీకి 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులతో ప్రకటన వచ్చింది, సెప్టెంబరు 25న అమరావతిలో నియామక పత్రాలు ఇచ్చారు. 2018 తర్వాత ఇదే పెద్ద నియామకం. ఏళ్ల తరబడి కోచింగు సెంటర్లలో బిట్లు బట్టీపట్టి వచ్చిన యువతీయువకులు రాష్ట్రమంతటా ఇలాంటి రోడ్ల చివర బస్సు దిగారు. ఒకప్పటి కొత్త టీచర్ల గతి ఇంకా అన్యాయం. నెలకు 398 రూపాయలకు స్పెషల్ టీచర్లుగా చేరినవాళ్లు ఆ అంకెనే తమ పేరుగా మోశారు. 1998 డీఎస్సీలో అర్హత సాధించినవాళ్లలో కొందరు రెండు దశాబ్దాలు దాటాక, నెరిసిన జుట్టుతో మొదటిసారి హాజరుపట్టీ పట్టుకున్నారు. మన రాష్ట్రంలో కొత్త టీచరంటే వయసులో చిన్నవాడని అనుకోవడానికి లేదు.

మైపాడు ఉన్న ఇందుకూరుపేట మండలంలోనే పల్లెపాడు ఉంది. 1921లో గాంధీ వచ్చి పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించిన ఊరది. జిల్లాలో టీచర్లను తయారుచేసే డైట్ కాలేజీ కూడా అక్కడే. శిక్షణ ఇచ్చే చోటుకూ పాలెం బడికీ మధ్య కొద్ది కిలోమీటర్లే. అయినా డైట్‌లో నేర్చుకున్న పాఠ్యప్రణాళిక పాలెం బడిలో మొదటి వారంలోనే చతికిలబడుతుంది. ఒకటో తరగతి పిల్లలూ రెండో తరగతి పిల్లలూ ఒకే గదిలో కూర్చుంటారు. ఒక మూల అక్షరాలు దిద్దిస్తుంటే రెండో మూల కూడికలు ఆగిపోతాయి. మధ్యలో ఫోన్లో యాప్ తెరవాలి. హాజరుకూ అదే, భోజనానికీ అదే. మరుగుదొడ్ల ఫొటోలు తీసి పంపించే పని కూడా కొన్నాళ్లు టీచర్ల నెత్తిన పెట్టారు. డైట్‌లో ఏ మనోవిజ్ఞాన పేపరూ చెప్పని విద్య అది.

ఇక భాష. నెల్లూరు, ప్రకాశం తీరంలో కొన్ని పట్టపు మత్స్యకార కుటుంబాలు ఇంట్లో తమిళానికి దగ్గరి మాట ఒకటి మాట్లాడతాయి. తెలుగు బాగా కలిసిన ఆ మాటను భాషా పరిశోధకులు పట్టించుకున్నది ఇటీవలే. దానికి వాచకం లేదు, బడిలో చోటు లేదు. అలాంటి ఇంటి నుంచి వచ్చిన ఆరేళ్ల పిల్ల నోరు విప్పకపోతే, కొత్త టీచరు రిజిస్టర్లో ‘వెనుకబడిన విద్యార్థి’ అని రాసేస్తాడు. ఆ పిల్లకు రెండు భాషలు అర్థమవుతాయి, టీచరుకు ఒక్కటే.

ఈ సంగతిలో మన ముందు నడిచిన టీచరు ఒకరున్నారు. గిడుగు రామమూర్తి 1880లో నెలకు 30 రూపాయల జీతం మీద పర్లాకిమిడి రాజావారి బడిలో పంతులుగా చేరారు. అప్పటికి ఆయన పదిహేడేళ్లవాడు. చుట్టుపక్కల కొండల్లోని సవరల మాట ఆయన చెవిన పడింది. తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు పుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు. సవర వ్యాకరణం అచ్చయ్యే నాటికి 1931 వచ్చింది. వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా ఏటా ఆగస్టు 29న ఆయన్ను తలుచుకుంటాం. ఆ ఉద్యమానికి చాలా ముందే ఒక కుర్ర పంతులు పిల్లల భాషకు శిష్యుడయ్యాడన్న సంగతి మాత్రం సభల్లో పెద్దగా వినపడదు.

న్యూజిలాండులో సిల్వియా ఆష్టన్-వార్నర్ మావోరీ పిల్లల బడుల్లో పనిచేస్తూ ఇలాంటి దారే పట్టారు. ఇంగ్లీషు వాచకం పక్కన పెట్టి, ప్రతి పిల్లనూ నీకే మాట కావాలని అడిగి, దాన్ని అట్టముక్క మీద రాసి చేతికిచ్చేవారు. 1963లో వచ్చిన ఆమె ‘టీచర్’ పుస్తకంలో ఆ కథంతా ఉంది. మైపాడులో ఈ పనికి కావలసింది అట్టపెట్టె, స్కెచ్ పెన్ను, అడిగే ఓపిక. పడవ, వల, తుఫాను, గుంట అన్న మాటలతో చదవడం మొదలుపెట్టిన పిల్లకు వాచకం ఎలాగూ తర్వాత అందుతుంది.

తీరం బడిలో టీచరుకు అన్నిటికంటే పెద్ద పాఠం హాజరుపట్టీ చెబుతుంది. మొదట్లో గైర్హాజరీలన్నీ బద్ధకంలానే కనిపిస్తాయి. ఆర్నెల్లు గడిచాక వాటిలో ఒక క్యాలెండరు బయటపడుతుంది. ఒడ్డున వల లాగే రోజు పెద్దపిల్లలు రారు. చేపల వేలం పెందలాడే సాగితే తల్లి గంప ఎత్తుకుపోతుంది, చెల్లెల్ని చూసుకోవడానికి అక్క ఇంట్లో ఆగిపోతుంది. రొయ్యల పట్టుబడి అయ్యాక యానాది కుటుంబం ఇంకో గుంటకు మారితే, మూడు పేర్లు ఒకేసారి పట్టీలోంచి జారిపోతాయి. వాళ్లలో కొందరికి జనన ధ్రువపత్రమూ ఉండదు, ఆధారూ ఉండదు. అర్జీ రాసి గ్రామ సచివాలయానికి తిరిగేది ఆ టీచరే. యానాదుల కోసం జీవితమంతా పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్యది ఈ జిల్లాయే. ఆయన పోయి నాలుగు దశాబ్దాలు దాటినా ఒక పిల్ల పేరు బడిలో నిలవడానికి ఇన్ని కాగితాలు కావాలంటే, లోపం ఆ పిల్లది కాదు.

ఇదంతా చూసి కష్టాల బడే మంచి టీచరును తయారుచేస్తుందని మురిసిపోయేవాళ్లున్నారు. ఈ పత్రిక ఆ మురిపెంతో ఏకీభవించదు. టీచరు తొలి రెండేళ్ల తప్పటడుగుల ఖర్చు భరించేది పిల్లలు. ఒక బ్యాచ్ ఒకటో తరగతి, ఇంకో బ్యాచ్ రెండో తరగతి ఆయన అనుభవం కిందికే పోతాయి. పోనీ, ఆ అనుభవం ఊళ్లో నిలుస్తుందా? దూరపు బడిలో చేసిన ఏళ్లకు బదిలీ పాయింట్లు ఎక్కువ. ఊరి నాడి దొరికేసరికి టీచరుకు టౌను బడి దొరుకుతుంది. పాలేనికి మళ్లీ కొత్త టీచరు, మళ్లీ మొదటి పాఠం. టీచరును తప్పుపట్టడానికి లేదు. అతనికీ పిల్లలున్నారు, అద్దె ఇల్లుంది, ముసలి తల్లిదండ్రులున్నారు. తప్పు పట్టాల్సింది అతను తెలుసుకున్నదంతా అతనితోపాటే బస్సెక్కించి పంపేసే ఏర్పాటును.

ఊరు తెలిసిన టీచరు విలువ ఉత్త అభిప్రాయం కాదు. ఉమ్మడి రాష్ట్రంలో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 500 ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో చేసిన పెద్ద అధ్యయనంలో భాగంగా 100 బడులకు అదనంగా ఒక్కో కాంట్రాక్టు టీచరును ఇచ్చారు. చాలామంది ఆ ఊరివాళ్లో, పక్క ఊరివాళ్లో. జీతం తక్కువ, శిక్షణ తక్కువ. అయినా వాళ్ల గైర్హాజరీ రెగ్యులర్ టీచర్ల కంటే తక్కువగా ఉంది, ఆ బడుల్లో పిల్లల మార్కులు పెరిగాయి. దీన్ని చూపించి జీతాలు కోయాలనేవాళ్లున్నారు. ఆ ఫలితాల్లో టీచరు ఊరికి దగ్గరగా ఉండడం చేసిన మేలును కూడా చదవాలి.

అందుకే రెండు కోరికలు. పల్లెపాడు డైట్ తన ఛాత్రోపాధ్యాయుల బోధనాభ్యాసంలో కొంత భాగాన్ని పాలెం బడులకు కేటాయించాలి. బదిలీ అయ్యే టీచరు తర్వాత వచ్చేవారికి స్టాకు రిజిస్టరుతోపాటు పిల్లల వివరాల నోటు పుస్తకం కూడా అప్పగించాలి. ఏ పిల్ల ఇంట్లో ఏ మాట, ఎవరు ఏ నెలలో వలస, ఎవరి అర్జీ ఏ ఆఫీసులో ఆగింది అన్నవి అందులో ఉండాలి.

మూడోది ఈ తీరానికే ప్రత్యేకం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. తండ్రులు ఒడ్డునుండే కాలం అదే. బడికి వేసవి సెలవులూ అందులోనే. జూన్ రెండో వారంలో బడి తెరిచిన రెండు మూడు రోజులకే పడవలు కదులుతాయి. తొలి మెగా పేరెంట్-టీచర్ మీటింగును 2024 డిసెంబరు 7న, రెండోదాన్ని 2025 జూలై 10న పెట్టారు. రెండూ వేట సాగే రోజులే. పాలెం బడుల వరకైనా ఆ సమావేశాన్ని ఏప్రిల్ 15 తర్వాత, సెలవులు ఇచ్చేలోపు వారంలో పెట్టమని విద్యాశాఖను కోరుతున్నాం. దీనికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు, తేదీ మారిస్తే చాలు.