లండన్‌లో నేల టికెట్టు

“అయిదొందల రూపాయలు పోసి టికెట్టు కొని, రెండున్నర గంటలు నిలబడి చూడాలా? నీకేమైనా పిచ్చి పట్టిందా?”

థేమ్స్ నది ఒడ్డున నా నేస్తం వేసిన ప్రశ్న ఇది. అడగాల్సిన ప్రశ్నే. 2023 జూన్‌లో మేమిద్దరం లండన్ వెళ్లాం. రెండేళ్లు చీటీ కట్టి, పిల్లల్ని వాళ్ల నాన్నలకు అప్పగించి, సూట్‌కేసు అడుగున ఆవకాయ సర్దుకుని చేసిన ప్రయాణం. ప్రతి పౌండునీ నూటనాలుగుతో హెచ్చవేసుకుని ఉలిక్కిపడుతున్న రోజులు. అలాంటప్పుడు కుర్చీ కూడా లేని టికెట్టంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

అసలు తనకి నాటకమంటేనే పడదు. మ్యూజియాలకు వచ్చింది, రాజుగారి కోట ముందు సిపాయిల కవాతుకూ వచ్చింది, మార్కెట్లకైతే నాకంటే ముందే తయారయ్యేది. నాటకం మాట ఎత్తితే మాత్రం తలనొప్పి. అంతకుముందు సాయంత్రం నేనొక్కదాన్నే ‘మౌస్‌ట్రాప్’ చూసొచ్చాను. అగాథా క్రిస్టీ రాసిన ఈ నాటకం లండన్‌లో 1952 నవంబరులో మొదలైంది. కోవిడ్ కాలంలో 2020 మార్చి నుంచి ఏడాదికి పైగా ఆపారు గానీ 2021 మేలో మళ్లీ తెర లేచింది. హంతకుడెవరో బయటికెళ్లి చెప్పొద్దని చివర్లో ప్రేక్షకుల్ని అడుగుతారు. కాబట్టి మీకూ చెప్పను. రూముకి వచ్చి నేస్తానికి చెప్పబోతే “నాకొద్దు, పడుకో” అంది.

మర్నాడు తనని గ్లోబ్ థియేటర్‌కు లాక్కెళ్లింది నేను కాదు, వాన. నది పక్కన నడుస్తుంటే చినుకులు మొదలయ్యాయి. ఎదురుగా తెల్లటి గోడలు, రెల్లుగడ్డి కప్పు ఉన్న గుండ్రటి కట్టడం. ఆ రోజు ఆట ‘ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’. నిలబడి చూసేవాళ్లకి టికెట్టు అయిదు పౌండ్లు. “సరే, తల దాచుకోవడానికైనా పనికొస్తుంది” అని ఒప్పుకుంది పాపం. లోపలికెళ్లాక తెలిసింది, కప్పు ఉన్నది వేదికకూ చుట్టూ ఉన్న మూడంతస్తుల గ్యాలరీలకూ మాత్రమే. మేం నిలబడాల్సిన మధ్య భాగానికి పైన ఆకాశమే! వెనకవాళ్లకి అడ్డమని గొడుగు వేయనివ్వరు. ఆట నడుస్తుండగా కింద కూర్చోనివ్వరు. పల్చటి ప్లాస్టిక్ వానకోట్లు తొడుక్కుని నిలబడ్డాం. తను నావంక చూసిన చూపు ఇక్కడ రాయను.

ఆ థియేటర్ కథ కొంచెం చెప్పాలి. షేక్‌స్పియర్ బృందం అక్కడికి దగ్గర్లోనే 1599లో గ్లోబ్ కట్టుకుంది. 1613లో ‘ఎనిమిదో హెన్రీ’ నాటకం ఆడుతూ రాజుగారి రాకకి ఫిరంగి పేలిస్తే నిప్పురవ్వ గడ్డికప్పు మీద పడింది. చూస్తుండగానే థియేటర్ మొత్తం బూడిద. అదృష్టవశాత్తూ జనం బతికి బయటపడ్డారు. ఒకాయన లాగుకి నిప్పంటుకుంటే సీసాలో బీరు పోసి ఆర్పారని అప్పటివాళ్లు రాసిపెట్టారు. మరుసటి ఏడాదే మళ్లీ కట్టారు. 1642లో పార్లమెంటు నాటకాల్నే నిషేధించడంతో అదీ మూతబడి నేలమట్టమైపోయింది.

ఆ తర్వాత మూడొందల ఏళ్లకి, 1949లో, శామ్ వానమేకర్ అనే అమెరికన్ నటుడు గ్లోబ్ చూద్దామని వచ్చాడు. గోడకి బిగించిన ఒక ఫలకం తప్ప ఇంకేమీ కనిపించలేదు. అంత పెద్ద నాటకకర్తకి లండన్‌లో ఇంతేనా అని మనసు కష్టపెట్టుకున్నాడు. 1970లో ట్రస్టు పెట్టి, చందాలు పోగుచేస్తూ, అధికారులతో వాదిస్తూ రెండు దశాబ్దాలు గడిపాడు. 1993లో కన్నుమూశాడు. 1997లో గ్లోబ్ తెరుచుకునేసరికి ఆయన లేడు. ఓక్ దూలాలు, వాటిని కలిపే చెక్క చీలలు, పైన రెల్లుగడ్డి... అన్నీ పాతకాలం పద్ధతే. 1666లో లండన్ తగలబడ్డాక ఆ నగరంలో గడ్డికప్పుకి అనుమతి దొరికింది దీనికే మొదటిసారి. ఈసారి నిప్పంటుకుంటే నీళ్లు చిమ్మే ఏర్పాటుందిలెండి.

షేక్‌స్పియర్ రోజుల్లో ఒక్క పెన్నీ ఇచ్చినవాళ్లు మట్టినేల మీద నిలబడేవారు. వాళ్లని ‘గ్రౌండ్‌లింగ్స్’ అనేవారు. మన సినిమాహాళ్ల లెక్కలో నేల టికెట్టన్నమాట. మన దగ్గరలాగే అక్కడా వేదికకి అందరికంటే దగ్గరున్నది వాళ్లే. మా ముందువరసలో ఒక కుర్రాడు మోచేతులు వేదిక అంచున ఆనించుకుని ఆట మొత్తం చూశాడు. డబ్బు ఎక్కువ పెట్టినవాళ్లేమో గ్యాలరీల్లో చెక్కబల్లల మీద, అద్దె దిండ్లేసుకుని కూర్చున్నారు. చీకటి పడ్డాక కూడా దీపాలు ఒక్క వేదిక మీదే వెలగవు. నటులకి మనం కనిపిస్తాం, గ్యాలరీలో వాళ్లు ఆవలిస్తే మనకి కనిపిస్తుంది. మా వెనక పెద్దాయన తుమ్మితే ఒక నటి అటు తిరిగి చూసింది, జనమంతా ఘొల్లుమన్నారు.

మొదటి అరగంట ఇంగ్లిషు నాకు సగమే అర్థమైంది. కథ ముందే చదువుకున్నాను కాబట్టి నేస్తం చెవిలో చెబుతూ వచ్చాను. ఏథెన్స్ రాజుగారికి పెళ్లి. ఊళ్లో ప్రేమికులు అడవిలోకి పారిపోతారు. అక్కడ వనదేవతల రాజూ రాణీ పోట్లాడుకుంటుంటారు. ఇదంతా వింటూ తను వాచీ చూసుకుంటోంది. అప్పుడొచ్చారు ఆ పనివాళ్లు.

“వీళ్లెవరు?” అంది.

“రాజుగారి పెళ్లిలో నాటకం వేద్దామనుకునే ఊరివాళ్లు. ఒకడు వడ్రంగి, ఒకడు దర్జీ, ఒకడు కొలిమి తిత్తులు బాగుచేస్తాడు, ఇంకొకడు గిన్నెలకి మాట్లు వేస్తాడు. అదిగో, అన్ని వేషాలూ తనే కడతానంటున్నాడే, అతను నేతగాడు.”

చెప్పాక నాలుక కరుచుకున్నాను. తను వాచీ మీంచి తలెత్తింది. మళ్లీ టైము చూసుకోలేదు.

మాది చీరాల దగ్గర ఊరు. వాళ్ల నాన్న, నాకు వరసకి బాబాయ్, గుంటమగ్గం మీద చీరలు నేసేవాడు. రాత్రిళ్లు నాటకాలు. ఆ సమాజంలో ఒక దర్జీ, ఒక వడ్రంగి, రేషన్ డీలరు, ఆరెంపీ డాక్టరు ఉండేవాళ్లు. డాక్టరుగారిది నక్షత్రకుడి వేషం. నటీమణిని పిలిపించి పారితోషికం ఇచ్చే స్తోమత లేక చంద్రమతి వేషం బాబాయే కట్టేవాడు. మగ్గం పక్క గోడకి స్థానం నరసింహారావుగారి ఫొటో ఉండేది. పక్కన బాపట్లలో పుట్టి, సత్యభామగా స్త్రీవేషానికే పేరు తెచ్చి, 1956లో పద్మశ్రీ అందుకున్న మనిషి. బాబాయ్‌కి ఆయన దేవుడు. నాటకం రాత్రి పదికి మొదలైతే కాటిసీను వచ్చేసరికి రెండు దాటేది. నేను మా అమ్మమ్మ ఒళ్లో పడుకుని, నిద్ర ఆపుకుంటూ చూసేదాన్ని. హార్మోనియం ఆగినప్పుడు ‘వన్స్‌మోర్’ అని అరిచేవాళ్లలో నేనూ ఉన్నాను. పొద్దున్నే బాబాయ్ మళ్లీ మగ్గంగుంటలో కూర్చునేవాడు. కొబ్బరినూనెతో ఎంత తుడిచినా చెవుల వెనక అర్దళం పసుపు మిగిలేది.

నేను చూశాను గానీ ఆయన కూతురు చూడలేదు. ఒక్క నాటకం కూడా. బడిలో తనని ‘చంద్రమతి కూతురు’ అని పిలిచేవాళ్లు. తమ్ముణ్ని ‘లోహితాస్యుడు’ అనేవాళ్లు. వాడు నవ్వేసి ఊరుకునేవాడు, తను ఇంటికొచ్చి అన్నం మానేసేది. ఆ పేరుతో నేనూ ఒకసారి పిలిచాను. ఆ సంగతి తనకి గుర్తుందో లేదో ఇన్నేళ్లలో అడగలేదు.

గ్లోబ్‌లో చీకటి పడుతోంది. వాన వెలిసింది. మేం చూసిన ప్రదర్శనలో ఆ నేతగాడి వేషం ఆడమనిషి వేసింది. ఎవరూ వింతగా చూడలేదు. షేక్‌స్పియర్ కాలంలో లండన్‌లో నటీమణులు వేదికెక్కేవాళ్లు కాదు, ఆడవేషాలన్నీ గొంతు మారని కుర్రాళ్లే కట్టేవాళ్లు. ఈ నాటకంలోనే ఆ సంగతి మీద ఒక చెణుకుంది. తిత్తులవాడికి నాయిక వేషం ఇస్తే, గడ్డం వస్తోంది, నాకు ఆడవేషం వద్దని బతిమాలుకుంటాడు. జనం నవ్వారు. నేస్తం నవ్వలేదు.

చివరి అంకంలో ఆ పనివాళ్ల నాటకం రాజుగారి ముందు మొదలవుతుంది. ఒకడు గోడ వేషంలో, దర్జీ వెన్నెల వేషంలో వస్తారు. సింహం వేషంవాడు తాను నిజం సింహాన్ని కాదని అమ్మగార్లకి ముందే చెప్పుకుంటాడు. కూర్చుని చూస్తున్న పెద్దమనుషులు ప్రతి మాటకీ ఎగతాళి చేస్తుంటారు. ఇంగ్లిషు వచ్చినా రాకపోయినా పగలబడి నవ్వాల్సిన ఘట్టం. నేనూ కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వాను. పక్కకి తిరిగితే తను రెండు చేతులూ వానకోటులో ముడుచుకుని, ఆ నేతగాణ్నే చూస్తోంది.

“ఎన్ని రాత్రులు నేర్చుకునుంటారే ఇది,” అంది. “అట్లా మధ్యలో మాట్లాడతారేంటి వాళ్లు?”

రాజుగారి మనుషుల మీద నిజంగానే కోపం వచ్చింది తనకి. నాటకంలో నాటకం అది, వాళ్లు కూడా వేషగాళ్లేనని చెప్పబోయి ఊరుకున్నాను.

ఆట అయ్యేసరికి పది. నది దాటడానికి మిలీనియం బ్రిడ్జి ఎక్కాం. 2000లో తెరిచినప్పుడు జనం నడుస్తుంటే ఊగిందని రెండు రోజులకే మూసేసి, సరిచేసి 2002లో మళ్లీ తెరిచిన కాలివంతెన ఇది. సగం దూరం వచ్చాక తను ఆగిపోయింది. రెయిలింగ్ పట్టుకుని, నా వైపు చూడకుండా చెప్పింది.

“నా పెళ్లిచూపుల ముందు రోజు నాన్నతో అన్నాను. వేషాలు మానేస్తేనే చూపులకి కూర్చుంటానని. ఎందుకని కూడా అడగలేదు. సవరం, డ్రెస్సుల పెట్టె మర్నాడే ఎవరికో ఇచ్చేశాడు. పద్నాలుగేళ్లైంది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.”

బాబాయ్ ఉన్నట్టుండి ఎందుకు మానేశాడో మా ఊళ్లో ఎవరికీ తెలియదు. గొంతు పోయిందన్నారు, సమాజంలో గొడవలన్నారు. పదిమందితో పాటు నేనూ ఏదో ఒకటి నమ్మాను. తనకి ఏం చెప్పాలో తోచక నీళ్లలో కనిపిస్తున్న దీపాల వంక చూస్తూ నిలబడ్డాను.

తను ఫోన్ తీసింది. “ఇప్పుడా! అక్కడ రాత్రి రెండున్నర,” అన్నాను. “మేలుకునే ఉంటాడు. ఆ టైముకి ఆయనకి నిద్ర రాదు,” అంది. ఎత్తింది పిన్ని. “ఏమైందే? ఒంట్లో బాగుందా? పాస్‌పోర్టు పోయిందా?” అని కేకలు. ఆవిడని సముదాయించేసరికి రెండు నిమిషాలు. స్పీకర్ పెట్టింది కాబట్టి నాకూ వినిపిస్తోంది.

“నాటకం చూశాను నాన్నా.”

అవతల కాసేపు మాట లేదు.

“ఏం నాటకం?”

“ఇక్కడి నాటకం. అందులో ఒక నేతగాడు నాటకం వేస్తాడు.”

“మైకులెన్ని?”

“మైకుల్లేవు. పైన కప్పు కూడా లేదు.”

“మరి వెనకవాళ్లకి వినపడిందా?” అని అడిగాడు బాబాయ్. గొంతు లేచింది. “పైన మేడ మీద కూర్చున్నవాళ్లకి?”

తను నా వంక చూసింది. నేను తల ఊపాను. “వినపడింది నాన్నా. ఆ నేతగాడి వేషం ఆడమనిషి కట్టింది.”

“ఆడమనిషి మగవేషమా?” ఆయన ఆలోచిస్తున్నట్టు వినిపించింది. “నడక సరిపోయిందా మరి?”

“ఎట్లా నడవాలి నాన్నా?” అంది తను.

బాబాయ్ చెప్పడం మొదలుపెట్టాడు. మగవాడు ఆడవేషం కడితే ముందు భుజాలు ఎలా దించుకోవాలి, పాదం ఎంత దూరం పడాలి, బిడ్డ చచ్చిపడి ఉంటే తల్లి నడక ఎలా మారుతుంది... తను వంతెన మీద ఒక పక్కగా కూర్చుండిపోయి, మధ్యమధ్య “ఊఁ, ఆ తర్వాత?” అంటోంది. జనం మమ్మల్ని తప్పించుకుని వెళుతున్నారు. రోమింగ్‌లో నిమిషానికి ఎంత పడుతుందో నాకు తెలుసు. ఆ రాత్రి గుర్తుచేయలేదు.